యుద్ధకాలం అనే మాట

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళ పాఠశాల చరిత్రను గూర్చి నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై పలువురున్నారు. పునాదిరాయి నాటి ముచ్చట్లు, పెంకుటింటి తరగతుల ముచ్చట్లు వారు చెప్పగా వినవలసినదాన్నే గాని చెప్పవలసినదాన్ని కాను. నేను వృత్తిరీత్యా తెలుగు పంతులమ్మను. ఈ ప్రధానోపాధ్యాయిని పదవి మధ్యలో వచ్చినది. కనుక నాకు చేతనైన రీతిలో ఒక్క మాటను తీసుకొని, దాని అర్థమును, వాడుకను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆ మాట ‘యుద్ధకాలం’. ఉత్సవ సభలో యుద్ధం మాట ఎందుకమ్మా అని మీకు తోచవచ్చును. ఆ మాట విషయమై ఈ పాఠశాలలో నేనొక తప్పు చేశాను. అది చెప్పుకోవటానికి ఇంతకన్న తగిన సభ దొరకదు.

2025 జూన్‌లో, వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన మొదటి వారంలో, ఏడవ తరగతి బాలుడొకడు నా గది గుమ్మం వద్ద నిలబడి ఒక ప్రశ్న వేశాడు. “మేడమ్, మే నెల 7 నుంచి 10 వరకు జరిగినదాన్ని యుద్ధకాలమని వ్రాయవచ్చునా? యుద్ధమని ఎవరూ ప్రకటించలేదు కదా!” ఆ 7వ తేదీన దేశమంతటా పౌరరక్షణ విన్యాసాలు జరిగాయి, మన నగరంలోనూ జరిగాయి. పిల్లలు సెలవులలో ఇంటివద్ద కూర్చొని టెలివిజనులో అన్నీ చూశారు. నేను వెంటనే సమాధానం చెప్పలేక, “రేపు చెబుతాను నాయనా” అన్నాను. ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా పాఠం చెప్పినదాన్ని, ఒక సమాసానికి అర్థం చెప్పటానికి ఒక రాత్రి గడువు అడిగాను.

వ్యాకరణరీత్యా ఇది సులభమైన సమాసమే. యుద్ధము యొక్క కాలము, షష్ఠీ తత్పురుషము. విగ్రహవాక్యం ఎనిమిదవ తరగతి పిల్లలందరూ చెబుతారు. చిక్కంతా ‘కాలం’ దగ్గర ఉన్నది. తెలుగులో వానకాలం, చలికాలం, ఎండాకాలం ఉన్నాయి. అవి వస్తాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. ఆ వరుసలో యుద్ధకాలమన్న మాటను నిలిపినప్పుడు, ఇదీ ఋతువువలె తన వేళకు వచ్చి తన వేళకు పోయేదే కాబోలునన్న భావం వినేవారికి తెలియకుండానే కలుగుతుంది. పూర్వం కొంతవరకు అట్లాగే ఉండేది. వానలు వెలిసి, ఏళ్ళు తగ్గి, దారులు ఆరిన తరువాత రాజులు దండయాత్రకు బయలుదేరేవారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఏ మాసంలో ఎటువంటి దండయాత్ర చేయదగునో విడమరచి చెప్పాడు. విజయదశమినాడు జమ్మిని పూజించే ఆచారంలో ఆ జ్ఞాపకం మిగిలి ఉన్నది. మైసూరు దసరా ఊరేగింపు బన్నిమంటపం వద్ద ముగుస్తుంది. మన జమ్మినే కన్నడిగులు బన్ని అంటారు.

ఇంతకూ ‘కాలం’తో మన భాషకు గల సంబంధం అంత తేలికైనది కాదు. ఒక పెద్దాయన మరణిస్తే ‘కాలం చేశారు’ అంటాము. ఈ సంగతిని తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతారు.

యుద్ధానికి గల కాలాన్ని మనవారు ఎట్లా కొలిచారు? భారతం చూడండి. కురుక్షేత్ర యుద్ధం పద్దెనిమిది దినాలు. ఆ దినాలను పంచినది సేనాపతుల పేర్లతో. భీష్మునివి పది, ద్రోణునివి అయిదు, కర్ణునివి రెండు, శల్యునికి మిగిలినది పూట మాత్రమే. విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలు తెలుగు చేసినది తిక్కన సోమయాజి కనుక, యుద్ధ పర్వాలన్నీ మనకు ఆయన చేతిమీదుగానే వచ్చాయి. పర్వమంటే చెరకు కణుపు వంటిది. ఒక కణుపు ముగిసినచోట మరొకటి మొదలవుతుంది. అయితే గ్రంథం పద్దెనిమిదవ దినాన ముగియదు. ఆ రాత్రి జరిగిన ఘోరానికి సౌప్తికపర్వమని పేరు. ఆ పిమ్మట, ఆయుధాలు క్రింద పెట్టిన తరువాత, స్త్రీపర్వం. భర్తలను, బిడ్డలను వెదకుకొంటూ స్త్రీలు రణభూమికి వస్తారు. సేనాపతి పేరు లేని ఆ పర్వాన్ని యుద్ధంలో లెక్కించాలా, యుద్ధం అయిపోయిన తరువాతి కాలంలో లెక్కించాలా? బి.ఇడి. చదివే రోజులలో నేను దీనిని గూర్చి ఆలోచించలేదు. పరీక్షలో పర్వాల పేర్లు వరుసగా వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను.

భారతం సంస్కృతం నుండి వచ్చినదందురేమో. అచ్చంగా మన నేలమీది లెక్క ఒకటి ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధాన్ని తలచుకొంటూ, నేటి పల్నాడు జిల్లాలోని కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, ఏటేటా కార్తీక అమావాస్య మొదలు అయిదు దినాలు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ అయిదు దినాలకు అయిదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వినండి, ఎంత చక్కని వరుసో! వీరులు నేలకొరిగిన ఘట్టం కల్లిపాడు ఒక్కటే, అది చిట్టచివరిది. దానికి ముందు రాయబారం ఉన్నది, పశువుల మందలమీద పడటం ఉన్నది, కోడిపందెం ఉన్నది. చాపకూడు ఉన్నది, కులభేదం లేకుండా ఒకే చాపమీద భోజనం. రాయబారానికి వెళ్ళిన అలరాజు విషప్రయోగంతో మరణించిన కథ మీలో పలువురు విన్నదే. శాంతి మాటలాడిన దినాన్ని కూడా మన జనం యుద్ధపు రోజుల్లోనే చేర్చి లెక్కించారు. చరిత్ర పుస్తకం ఆ యుద్ధాన్ని ఏ తేదీన మొదలుపెట్టినా, కారంపూడి జనం లెక్కలో అది అంతకుముందే మొదలై ఉన్నది.

ఇక మా యింటి సంగతి. మా అమ్మమ్మ కాకినాడలో కాపురం ఉండేది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకొని లోపలి పల్లెలకు తరలిపోయారు. మా అమ్మమ్మ కడుపుతో, ఇద్దరు పిల్లలతో, ఒంటెద్దు బండిలో పుట్టింటికి చేరింది. ఆమెకు క్రీస్తుశకం అంకెలతో పని లేదు. “బాంబుల యేడు పుట్టాడు మీ పెద్దమామయ్య” అనేది. రెండవ ప్రపంచయుద్ధం 1939 సెప్టెంబరులో మొదలై 1945లో ముగిసిందని నేను చదువుకొని వచ్చి ఆమెకు చెప్పాను. ఆమె నవ్వింది. “నలభై అయిదులో ఎక్కడ అయిపోయిందే? కంట్రోలు బియ్యానికి ఎన్నేళ్ళు నిలబడ్డామో నీకేం తెలుసు!” అన్నది. ఆమె చెప్పినది అబద్ధం కాదు. యుద్ధంలో వచ్చిన ఆహార ధాన్యాల నియంత్రణ 1947 డిసెంబరులో సడలి, మరుసటి యేడే మళ్ళీ వచ్చి, 1954లో గాని తొలగలేదు. ఆమె ‘యుద్ధం రోజులు’ అన్నప్పుడల్లా అందులో పండ్రెండేళ్ళు ఇమిడి ఉండేవి.

అదే యుద్ధకాలం మన బెంగళూరుకు మరొక రూపంలో వచ్చింది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో, ఇక్కడ హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించాడు. యుద్ధ విమానాల మరమ్మతులు ఇక్కడ జరిగాయి. జాలహళ్ళిలో సైనిక ఆసుపత్రి వెలసింది. ఇటలీ యుద్ధఖైదీలను ఆ ప్రాంతంలో ఉంచారు. అంతకుముందే, 1809 నుండి, ఈ ఊరికి కంటోన్మెంటు ఉన్నది. కన్నడిగులు దానిని ‘దండు’ అంటారు, మనకూ తెలిసిన మాటే. హలసూరు చెరువు ప్రక్క మద్రాసు సాపర్ల కేంద్రం ఉన్నది. మన పాఠశాల తొలి ప్రవేశ రిజిస్టరులో తండ్రి వృత్తి గడిని చూస్తే ‘ఫ్యాక్టరీ’, ‘మిలిటరీ’ అన్న మాటలే ఎక్కువగా కనిపిస్తాయి. కాకినాడలో ఇల్లు విడిచిపోయేలా చేసిన కాలమే ఇక్కడ కొందరికి అన్నం పెట్టింది. అనంతపురం, చిత్తూరు, కోలారు ప్రాంతాలనుండి పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలకోసమే కదా పెద్దలు తెలుగు బడి కావాలనుకొన్నది. ఇది చెప్పటానికి నాకు కొంచెం జంకుగానే ఉన్నది గాని, నిజం నిజమే.

మాట అర్థం ఎంతవరకు సాగుతుందో చూడదలచినవారికి ఒక జపాను సైనికుని కథ చెబుతాను. హిరూ ఒనోడా అనే ఆ అధికారి ఫిలిప్పీన్సులోని లుబాంగ్ ద్వీపపు అడవిలో, యుద్ధం ముగిసిన సంగతిని నమ్మక, 1974 వరకు యుద్ధంలోనే ఉండిపోయాడు. తనకు ఆజ్ఞ ఇచ్చిన అధికారి స్వయంగా వచ్చి చెప్పిన మీదటనే ఆయుధం అప్పగించాడు. లోకానికి ఆరేళ్ళ యుద్ధకాలం, ఆయనకు మరొక ఇరవై తొమ్మిదేళ్ళు. ఆయన కాల్పులలో ఆ ద్వీపవాసులు కొందరు మరణించారు. వారి యిళ్ళలో దానిని ఏ కాలమని అన్నారో మరి.

ప్రభుత్వపు లెక్క వేరుగా ఉంటుంది. చైనాతో యుద్ధం 1962 అక్టోబరు 20న మొదలైంది. నవంబరు 21న చైనా కాల్పులు ఆపింది. సరిగా నెల. ఆ సందర్భంలో రాజ్యాంగం 352వ అధికరణం క్రింద అక్టోబరు 26న ప్రకటించిన అత్యవసర పరిస్థితి 1968 జనవరి 10 వరకు ఉన్నది. నడుమ 1965లో పాకిస్తానుతో జరిగిన యుద్ధం కూడా దానిలోనే కలిసిపోయింది. 1971 డిసెంబరు 3న మరొక యుద్ధం మొదలైంది. విశాఖ ప్రజలు కిటికీలకు నల్లకాగితాలు అంటించుకొని చీకటిలో కూర్చున్నారు. వారి తీరానికి చేరువలోనే ఆ రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు. పదమూడు దినాల యుద్ధం. దానికోసం ప్రకటించిన అత్యవసర పరిస్థితి తొలగినది 1977 మార్చిలో! నేడు ‘ఎమర్జెన్సీ’ అనగానే అందరూ 1975 మాటే అనుకొంటారు. దానికన్న ముందే ఒకటి అమలులో ఉన్నదన్న సంగతి మన పదవ తరగతి పిల్లలకే కాదు, కొందరు ఉపాధ్యాయులకూ కొత్తగా ఉంటుంది. గెజెట్టు ప్రకారం మా తరంలో చాలామందిమి యుద్ధకాలంలోనే అక్షరాభ్యాసం చేశాము. మాకెవరికీ తెలియదు.

పత్రికలవారు మరొక ప్రయోగం చేస్తారు: ‘యుద్ధప్రాతిపదికపై’. మురుగుకాలువలు యుద్ధప్రాతిపదికపై శుభ్రం చేస్తారు, గుంతలు యుద్ధప్రాతిపదికపై పూడుస్తారు. కన్నడ పత్రికలలో దీనినే ‘యుద్ధోపాది’ అంటారు. సంస్కృత వ్యాకరణంలో ప్రాతిపదిక అంటే విభక్తి చేరని మూలశబ్దం. యుద్ధమనే మూలశబ్దానికి మురుగుకాలువ ఏ విభక్తియో నాకు అంతుపట్టదు. తెలుగు పంతులమ్మ చాదస్తమని నవ్వండి, పరవాలేదు. ఈ వీధిలో 'యుద్ధప్రాతిపదికపై' తవ్విన గొయ్యి చుట్టూ తిరిగి మీరందరూ సభకు వచ్చారు.

ఇప్పుడు నా తప్పు సంగతి.

1999 జూన్. నేను ఈ పాఠశాలలో సహాయోపాధ్యాయినిగా చేరి ఎంతో కాలం కాలేదు. కార్గిల్‌లో పోరు సాగుతున్నది. యుద్ధమని ప్రకటన లేదు, అత్యవసర పరిస్థితి లేదు. ‘కార్గిల్ యుద్ధం’ అన్న పేరు మాత్రం అందరి నోటా ఉన్నది. ఉదయపు ప్రార్థన తరువాత జవానుల సహాయనిధికి డబ్బాలో పైసలు వేయించేవాళ్ళం. ఎనిమిదవ తరగతికి సొంతవాక్యాల పరీక్ష పెడుతూ, సమయోచితంగా ఉంటుందని, ‘యుద్ధకాలం’ అన్న మాట ఇచ్చాను. నలభై మందిలో ముప్ఫై తొమ్మిది మంది “యుద్ధకాలంలో ధరలు పెరుగును”, “యుద్ధకాలంలో ప్రజలు ఐకమత్యంగా ఉండవలెను” అని వ్రాశారు. నేను తరగతిలో చెప్పిన వాక్యాలే అవి. ఒక బాలిక మాత్రం ఇట్లా వ్రాసింది: “మా యింట్లో యుద్ధకాలం ఉత్తరం వచ్చిన రోజు ఆగి, మరునాడు మళ్ళీ మొదలవుతుంది.”

నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేశాను. ప్రక్కన “కాలము ఆగదు. అర్థము పొసగలేదు” అని వ్రాసి రెండు మార్కులకు సున్న వేశాను. ఆ అమ్మాయి తండ్రి సైన్యంలో హవల్దారని నాకు తెలియదు. తెలుసుకొనవలసినది. ప్రవేశ రిజిస్టరులో వ్రాసే ఉన్నది.

వారం తరువాత తల్లి వచ్చింది. కోలారు వైపు మనిషి, మాటలో కన్నడం కలిసిన తెలుగు. పరీక్ష కాగితం చేతిలో మడిచి పట్టుకొని, చాలా మర్యాదగా, “అమ్మణ్ణీ, పాప తప్పు బరిసిందా? నాకు చదువు రాదు, నువ్వే చెప్పల్ల” అని అడిగింది. కోపంతో రాలేదు. తప్పైతే దిద్దుకోవాలనే వచ్చింది. భర్త నుండి ఉత్తరం వచ్చి ఇరవై రోజులైందన్నది. ఊరి పేరు లేని చిరునామా, ‘56 ఏ.పి.ఓ.’ అని మాత్రం ఉంటుందట. ఆదివారం ఉదయం ఆరు గంటలకే వీధి చివర ఎస్.టి.డి. బూతువద్ద కూర్చుంటుందట, ఫోను వస్తుందేమోనని. ఉత్తరం వచ్చిన దినాన పిల్లలు అన్నం తింటారు, నిద్రపోతారు. మరునాటి నుండి, ఆ ఉత్తరం వ్రాసిన తరువాత ఏమి జరిగిందోనన్న దిగులు మొదలు. కాలం ఆగుతుందా, ఆగదా అన్నది ఆ యింటివారు నాకంటె బాగా ఎరుగుదురు.

నేనేమన్నానో తెలుసా? “వ్యాకరణం సరిగానే ఉన్నదమ్మా, ప్రయోగం కొంచెం అసహజంగా ఉన్నది” అన్నాను. ఉపాధ్యాయులకు తప్పు ఒప్పుకోవటం ఎంత కష్టమో ఇక్కడ ఉన్న నా సహోద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. ఆమె తలూపి, “అట్లైతే సరి” అని వెళ్ళిపోయింది.

జూలై 26న విజయం ప్రకటించారు. బడిలో మిఠాయిలు పంచాము. ఆ అమ్మాయి తన మిఠాయిని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకొన్నది. “యుద్ధం అయిపోయింది కదమ్మా, తినవే” అన్నాను. “నాయన ఇంకా రాలేదు టీచర్” అన్నది. దీపావళి సెలవుల ముందు ఒకనాడు సాయంత్రం బడి గేటువద్ద సన్నగా, నల్లబడిన మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి తరగతిలోనుండి పరుగెత్తుకొని పోవటం మేడమీది కిటికీలోనుండి చూశాను. ఆ యింటి లెక్క ప్రకారం కార్గిల్ యుద్ధకాలం ముగిసినది ఆ సాయంత్రం సుమారు నాలుగున్నర గంటలకు.

ఆ మరుసటి యేడు వారికి వేరే ఊరికి బదిలీ అయింది. బదిలీ పత్రం నేనే వ్రాసి ఇచ్చాను. ఆనాడైనా మార్కుల సంగతి ఎత్తవలసినది, ఎత్తలేదు. ఆమె ఈ సభకు వచ్చిందో లేదో తెలియదు. పూర్వవిద్యార్థులందరికీ ఆహ్వానాలు పంపాము గాని, సైన్యంలోని కుటుంబాల చిరునామాలు నిలకడగా ఉండవు. వచ్చి ఉంటే ఆమె రెండు మార్కులు నావద్ద ఉన్నాయి. రాకపోతే, ఈ సంచిక ఏ చేతులోనుండి ఏ చేతికైనా ఆమెకు అందుతుందేమోనని, ఈ ప్రసంగాన్ని అచ్చువేయించమని సంపాదకవర్గాన్ని కోరాను.

ఇక జూన్‌లో ప్రశ్న అడిగిన బాలుని సంగతి మిగిలినది. మరునాడు వాడు మళ్ళీ గుమ్మం వద్దకు వచ్చాడు. మే 7 నుంచి 10 వరకని వ్రాస్తే చరిత్ర పరీక్షలో ఎవరూ కొట్టివేయరని చెప్పాను. తరువాత, “మీ యింట్లో సైన్యంలో ఎవరైనా ఉన్నారా నాయనా?” అని అడిగాను. 1999లో అడగవలసిన ప్రశ్న అది.

“మా మామయ్య ఉన్నాడు మేడమ్, జమ్మూలో. అమ్మ రోజూ ఫోను దిండు క్రింద పెట్టుకొని పడుకొనేది.”

“ఎప్పటివరకు?”

వాడు వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టుకొన్నాడు. “మామయ్య సెలవుమీద వచ్చి మా యింట్లో పడుకొన్న రాత్రివరకు. మే 24 మేడమ్.”

“అయితే తెలుగు పరీక్షలో అదీ వ్రాయి” అన్నాను.

సెలవు.